29 ఏళ్ల మగవాడికి హెచ్‌పీవీ టీకా: పులిపిర్లు వచ్చి తగ్గాక వేయించుకుంటే ఉపయోగం ఉందా?

మారతహళ్లి_29:
జననాంగం దగ్గర రెండు పులిపిర్లు వస్తే స్కిన్ డాక్టర్ క్రయో చేసి (గడ్డకట్టించి) తీసేశారు. టీకా వేయించుకుంటే మళ్లీ రావని ఒకరు, ఈ వయసులో దండగని ఇంకొకరు అంటున్నారు. మందుల షాపులో రెండు రకాలు చెప్పారు, ధరలో దాదాపు ఐదు రెట్ల తేడా. ఏది మంచిది? ఆరు నెలల్లో పెళ్లి.

టీకా_లెక్క:
ముందు ఒక సంగతి. ఇది మందు కాదు. ఈ పులిపిర్లు తెచ్చే వైరసే హెచ్‌పీవీ; ఒంట్లో ఇప్పటికే చేరిన ఆ వైరస్‌ని టీకా తీసేయదు, పాత పులిపిర్లు తిరగబెట్టకుండా ఆపుతుందనడానికి గట్టి ఆధారమూ లేదు. ఇంకా సోకని రకాల నుంచి కాపాడడమే దాని పని.

ఈ వైరస్ రకాలకు నంబర్లుంటాయి. ఈ పులిపిర్లలో దాదాపు 90 శాతానికి 6, 11 రకాలే కారణం; 16, 18 క్యాన్సర్ తెచ్చేవి. 6, 11, 16, 18 నాలుగూ ఉన్నది సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సెర్వావాక్ టీకా. అవి కాక మరో ఐదు క్యాన్సర్ రకాలున్నది గార్డాసిల్ 9. పులిపిర్ల వరకే చూస్తే రెండింటిలోనూ 6, 11 ఉన్నాయి, కాబట్టి అక్కడ ఖరీదైనదే కావాలనేం లేదు. 16, 18 మాత్రమే ఉన్న టీకా ఎవరైనా ఇస్తానంటే వద్దనండి, అది పులిపిర్లకు పనికిరాదు.

16–26 ఏళ్ల మగవాళ్ల మీద జరిగి 2011లో అచ్చయిన పెద్ద టీకా పరీక్షలో, ఆ నాలుగు రకాలూ ముందు సోకనివాళ్లలో బయటి పుండ్లు, పులిపిర్లు 90 శాతం తగ్గాయి. ముందే సోకినవాళ్లనూ కలిపి లెక్కేస్తే 65 శాతమే. మీరు ఆ రెండో లెక్కకు దగ్గర. పైగా సెర్వావాక్ లేబుల్ మీద వయసు 9–26. 29కి వేయడం లేబుల్ దాటినట్టే, డాక్టర్ చీటీ రాయాలి. దండగ అనను, కానీ పదేళ్ల కిందటి లాభం ఇప్పుడు రాదు.

చల్లపెట్టె:
వేయించుకునేటట్టయితే మూడు డోసులు: మొదటిది, రెండు నెలలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. జనవరి 10న మొదలెడితే మార్చి 10, జూలై 10. ఒక్కోటి 0.5 మి.లీ., భుజం కండలో. ఆలస్యమైతే మొదటి నుంచి మొదలెట్టక్కర్లేదు, ఆగిన చోటి నుంచే. తొందరపడకూడదు మాత్రం: ఒకటికీ రెండుకీ కనీసం 4 వారాలు, రెండుకీ మూడుకీ 12 వారాలు, ఒకటికీ మూడుకీ 5 నెలలు.

బెంగళూరులో ఎక్కువగా చెడేది షాపు నుంచి క్లినిక్‌కి తెచ్చే దారిలోనే. టీకా 2–8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండ ఒక్కటే శత్రువనుకుని గడ్డకట్టిన ఐస్‌ప్యాక్‌కి ఆనించి తెస్తారు, దాంతో టీకా గడ్డకడుతుంది. అందులోని అల్యూమినియం లవణం ముద్దలు కట్టి టీకా బలం పోతుంది. ప్యాక్‌ని న్యూస్‌పేపర్లో చుట్టి, మధ్యలో అట్ట పెట్టండి. అసలు క్లినిక్ ఫ్రిజ్‌లో ఉన్నదే వేయించుకోవడం మేలు. ఊపితే పాలనీళ్లలా తెల్లగా కలవాలి, రేణువులు తేలితే వద్దనండి. బ్యాచ్ నంబర్ స్టిక్కర్ ఫోటో తీసుకోండి. వేశాక 15 నిమిషాలు కూర్చోండి, సూది చూసి కళ్లు తిరిగేవాళ్లు తక్కువేం కాదు. ఈస్ట్ అలర్జీ తీవ్రంగా ఉంటే వేయించుకోకూడదు.

డీవీఎల్_బోర్డు:
పనిలో పనిగా వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్ అనే సుఖరోగానికి రక్తపరీక్ష), హెచ్‌ఐవీ పరీక్షలు చేయించండి. సిఫిలిస్‌లో వచ్చే తడి గడ్డలు కూడా అచ్చం పులిపిర్లలాగే ఉంటాయి. శిశ్నం అంచున ముత్యాల్లా వరుసగా ఉండే చిన్న పొక్కులు రోగమే కాదు, వాటిని కాల్పించుకునేవాళ్లూ ఉన్నారు! డాక్టర్ బోర్డు మీద ‘డీవీఎల్’ అని ఉందో లేదో చూడండి, అందులో ‘వీ’ సుఖరోగాల చదువు. మగవాళ్లకు ఆమోదించిన హెచ్‌పీవీ పరీక్షంటూ లేదు, ల్యాబ్ ప్యాకేజీల్లో కనిపించినా డబ్బు పెట్టొద్దు. చేతి ఆనెలకు వాడే శాలిసిలిక్ ఆసిడ్ అక్కడ రాయొద్దు, చర్మం కాలుతుంది. తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే కనిపిస్తాయి, అప్పటిదాకా అద్దంతో చూసుకుంటూ ఉండండి.

మారతహళ్లి_29:
కాబోయే భార్యకి 25. ఆమె కూడా వేయించుకోవాలా?

టీకా_లెక్క:
మీ కంటే ముందు ఆమెకే. 26 లోపు కాబట్టి లేబుల్‌లోనే ఉంది. గర్భంతో ఉన్నప్పుడు వేయరు, మధ్యలో గర్భం వస్తే మిగిలిన డోసులు కాన్పు తర్వాత. అందుకే మొదటిది ఇప్పుడే మొదలెట్టండి. 6, 11 వల్ల క్యాన్సర్ రాదు, కానీ పులిపిర్లు ఉన్నంతకాలం కలయిక వద్దు, తగ్గాక కూడా కొంతకాలం కండోమ్ వాడండి. కప్పని చర్మం నుంచి సోకే వీలుంది కాబట్టి కండోమ్ పూర్తి రక్షణ మాత్రం కాదు. ఈ సంగతి ఆమెకి పెళ్లికి ముందే చెప్పండి.