ఊరికి ఇంటర్నెట్ తేవడం కంపెనీ బాధ్యతా, ప్రభుత్వం పనా?

తాటితోపు:
మాది మార్కాపురం వైపు ఓ పల్లె. ఊరి పేరు వద్దులెండి. ఓ పెద్ద ప్రైవేటు టెలికాం కంపెనీ ఫైబర్ మండల కేంద్రం దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్ణుంచి మాకు ఆరు కిలోమీటర్లు. రెండేళ్లుగా అడుగుతుంటే "మీ ఏరియాకు ఫీజిబిలిటీ లేదండీ" అని ఒకటే మాట.

పోయిన నెల అదే కంపెనీ వాళ్లు మా బడికి వచ్చారు. ఆర్వో ప్లాంటు పెట్టారు, పిల్లలకు బ్యాగులు పంచారు. ఫ్లెక్సీలు, ఫొటోలు, సర్పంచ్ గారికి శాలువా. మీటింగ్ అయ్యాక మేనేజరు గారి దగ్గరకెళ్లి "సార్, నీళ్లు మాకు బోరులో ఉన్నాయి, కేబుల్ ఇప్పించండి" అన్నాను. ఆయన నవ్వి "అది వేరే డిపార్టుమెంటు" అన్నారు.

మా చెల్లెలు హైదరాబాద్ ఆఫీసుకి ఇంటి నుంచే పనిచేస్తుంది. మేడ మీద ట్యాంకు పక్కన గొడుగు వేసుకుని మీటింగుల్లో కూర్చుంటుంది, సిగ్నల్ ఉండేది అక్కడే కాబట్టి. సెల్ టవర్‌కి స్థలం మా ఊళ్లోదే, రీచార్జులూ మావే. అలాంటప్పుడు ఊరికి తీగ లాగడం కంపెనీ బాధ్యత అవుతుందా, కాదా? నేనైతే అవుతుందనే అంటాను.

లెక్కల మాస్టారు:
బాధ బాగా చెప్పారు గానీ, అడగాల్సినవాణ్ణి వదిలేసి పక్కవాణ్ణి అడుగుతున్నారు.

టెలికాం కంపెనీలు తమ ఏజీఆర్ (ఫీజు లెక్కకు తీసుకునే ఆదాయం) మీద 8 శాతం లైసెన్సు ఫీజు కడతాయి. ఆ 8లో 5 శాతం పల్లెలకు సర్వీసు అందించడానికని విడిగా ఉన్న నిధికే పోతుంది. మొన్నటిదాకా దాన్ని యూఎస్ఓఎఫ్ అనేవారు, 2023 టెలికాం చట్టం వచ్చాక డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. అంటే మీ ఊరి తాలూకు చందా కంపెనీ ఎప్పుడో కట్టేసింది. మళ్లీ తీగ కూడా నువ్వే లాగమంటే ఒకే బాకీని రెండుసార్లు వసూలు చేసినట్టు.

ఇక బ్యాగుల సంగతి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు, అంటే సీఎస్ఆర్‌కు, ఖర్చు పెట్టాలి. కానీ కంపెనీ రోజూ చేసే వ్యాపారం ఆ లెక్కలోకి రాదు. ఇంటర్నెట్ అమ్మే కంపెనీ మీ ఊరికి కేబుల్ వేసి కనెక్షన్లు ఇస్తే అది సీఎస్ఆర్ అనిపించుకోదు, వ్యాపారమే. అందుకే మీకు ఆర్వో ప్లాంటు వచ్చింది. మేనేజరు గారు "వేరే డిపార్టుమెంటు" అన్నది వెటకారం కాదు, నిజంగా వేరే డిపార్టుమెంటే!

తాటితోపు:
మాస్టారూ, అయితే ఆ 5 శాతం మా ఊరి దాకా ఎందుకు రాలేదు?

లెక్కల మాస్టారు:
వచ్చే ఉంటుంది, మీ పంచాయతీ ఆఫీసులో చూడండి. 2011లో కేంద్రం ఎన్ఓఎఫ్ఎన్ అనే పథకం మొదలుపెట్టి, 2015లో భారత్‌నెట్ అని పేరు మార్చారు. పంచాయతీల దాకా ఫైబర్ తేవడం దాని పని. మొదటి విడతలో మండలం నుంచి పంచాయతీలకు ఒకే వరసలో కేబుల్ లాగారు. మధ్యలో ఒక్కచోట తెగితే ఆ తర్వాతి ఊళ్లన్నీ చీకటే. 2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ రూ. 1,39,579 కోట్లతో కొత్త ప్లాన్ ఆమోదించింది. అందులో రింగు పద్ధతి పెట్టారు, ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి వస్తుంది.

కేబుల్ బాబాయ్:
కాకినాడ దగ్గర మూడు ఊళ్లకు నేనే ఆపరేటర్‌ని. మీ ఇద్దరి మాటా విన్నాను, ఇద్దరూ స్తంభం ఎక్కలేదని అర్థమైంది.

ఆరు కిలోమీటర్లు అసలు దూరమే కాదు. మండలంలో ఓఎల్‌టీ (ఫైబర్‌లోకి సిగ్నల్ పంపే పెట్టె) పెడితే జీపాన్ అనే పద్ధతిలో ఇరవై కిలోమీటర్ల దాకా వెలుతురు పోతుంది. ఒక్క ఫైబర్‌ని స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుకోవచ్చు. టెక్నాలజీ అడ్డం కాదు. అడ్డం ఏంటంటే తీగ లాగాక జరిగేది.

మా దగ్గర కోతల టైములో గడ్డి ట్రాక్టరు ఎత్తుగా లోడేసుకుని వస్తుంది, దారికడ్డంగా ఉన్న కేబుల్‌ని తీసుకుపోతుంది. పంచాయతీ వాళ్లు డ్రైనేజీకి జేసీబీ పెడితే భూమిలోది పోతుంది. ఉడతలు కొరుకుతాయి, నవ్వకండి, కొబ్బరితోటల్లో మాకు ఉడతే పెద్ద శత్రువు. ప్రతిసారీ స్ప్లైసింగ్ కుర్రాణ్ణి పిలవాలి, వాడు మిషన్ తెచ్చి రెండు ముక్కలు అతికించేసరికి సగం రోజు. ఈలోపు పాతికమంది ఫోన్లు. స్తంభానికి కరెంటోళ్లకి అద్దె వేరే.

ఇంత చేశాక ఎండాకాలం సెలవులు రాగానే "పిల్లలు అమ్మమ్మగారింటికి వెళ్లారు, ఈ రెండు నెలలూ ఆపెయ్ బాబాయ్" అంటారు. కంపెనీ వాడు ఫీజిబిలిటీ లేదన్నది దీని గురించే. తీగ వేసే డబ్బు గురించి కాదు, తెగినప్పుడు పరిగెత్తే మనిషి జీతం గురించి.

ఘాట్‌రోడ్డు:
పాడేరు నుంచి. మైదానంలో మీరు లాభనష్టాలు మాట్లాడుకుంటున్నారు. మా గూడెంలో ముప్పై ఇళ్లు. ఏ లెక్కలో చూసినా మాకు తీగ రాదు, రోడ్డే సరిగ్గా లేదు.

2021 నవంబర్‌లో ఐదు రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత (వెనకబడిన) జిల్లాల్లో 7,287 ఊళ్లకు 4జీ ఇస్తామని కేంద్రం రూ. 6,466 కోట్లు ఆమోదించింది. ఆ ఐదింట్లో మన రాష్ట్రమూ ఉంది. మాస్టారు చెప్పిన నిధిలోంచే ఆ డబ్బు. మా పక్క కొండ మీద టవర్ లేచింది, ఎవరిదో చెప్పను. కరెంటు పోతే గంటలో టవర్ పోతుంది. బ్యాటరీలు మార్చేవాడు లేడు. పింఛను రోజున సచివాలయం కుర్రాడు మిషన్ పట్టుకుని ముసలమ్మలను వెంటేసుకుని సిగ్నల్ వెతుక్కుంటూ గట్టు ఎక్కుతాడు. వేలిముద్ర పడితేనే డబ్బులు.

డబ్బు సర్కారు ఇచ్చింది, టవర్ కంపెనీ కట్టింది. ఇద్దరూ తమ పని అయిపోయిందనే అంటారు. మాస్టారూ, బాకీ తీరిపోయిందని మీరన్నారు కదా, ఇదెవరి ఖాతాలో రాస్తారు?

చెరువుగట్టు:
మాది కామారెడ్డి దిక్కు. మా దగ్గర మిషన్ భగీరథ పైపులు వేసేటప్పుడే అదే కందకంలో టీ-ఫైబర్ (తెలంగాణ సర్కారు ఇంటర్నెట్ ప్రాజెక్టు) కేబుల్ గొట్టం కూడా పెట్టారు. తవ్వుడు ఖర్చు ఒక్కసారే. ఆంధ్రా సర్కారు ఫైబర్‌నెట్ వాళ్లు ఇంకో దారి పట్టారు, కరెంటు స్తంభాల మీదనే లాగారు. భూమిలో వేస్తే వేల కోట్లు అయ్యేది చాలా తక్కువలో అయింది. 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి కోవింద్ వచ్చి ప్రారంభించినప్పుడు నెలకు రూ. 149కి నెట్టు, టీవీ, ఫోను అన్నారు.

నేను కంపెనీ దిక్కే మాట్లాడుతున్నా అనుకోకండి. సర్కారు కందకం తవ్వింది, స్తంభం ఇచ్చింది. దాన్ని వాడుకునే ప్రతి కంపెనీ పట్టణంలో వంద కనెక్షన్లు ఇస్తే పల్లెలో ఇన్ని ఇవ్వాలని షరతు పెడితే అయిపోతుంది కదా.

కేబుల్ బాబాయ్:
స్తంభం చౌక అని మురిసిపోకు తమ్ముడూ. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తీగ తగిలి మనుషులు పోయారు. ఆ వెంటనే కరెంటోళ్లు ఊరంతా స్తంభాల మీది కేబుళ్లు కోసేశారు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లంతా లబోదిబోమన్నారు. కరెంటోళ్ల భయం తప్పు కాదు, మా కేబుళ్లు గుత్తులుగా వేలాడటం మా తప్పే. షరతు సంగతి అంటావా, కాగితం మీద కనెక్షన్ ఇచ్చి ఊరుకుంటారు. ఘాట్‌రోడ్డు గారి టవర్‌లాగే.

కొచ్చిలో తెలుగోడు:
ఇక్కడ కేరళ ప్రభుత్వ ఇంటర్నెట్ నెట్‌వర్క్ కేఫోన్ 2023 జూన్‌లో మొదలైంది. ఇరవై లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా ఇస్తామన్నారు. అంతకుముందు 2019లోనే హాస్టల్లో ఫోన్ ఆంక్షల మీద ఓ విద్యార్థిని కోర్టుకెళితే, ఇంటర్నెట్ వాడుకోవడం హక్కులో భాగమని కేరళ హైకోర్టు చెప్పింది. హక్కు అనుకున్నాక దాని బరువు ప్రభుత్వం మీదే ఉండాలి. కంపెనీ దయ మీద వదిలేస్తే బ్యాగులే వస్తాయి.

నెట్‌రాజా:
ఇంత గొడవెందుకు, శాటిలైట్ వచ్చేస్తోందిగా. స్టార్‌లింక్‌కి 2025 జూన్‌లో లైసెన్సు కూడా ఇచ్చారు.

కేబుల్ బాబాయ్:
లైసెన్సు వచ్చింది బాబూ. మా ఊళ్లో రెండు నెలలు ఆపెయ్ అనేవాడు డిష్ కొంటాడా?

లెక్కల మాస్టారు:
ఘాట్‌రోడ్డు గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. టవర్ కట్టడానికి ఇచ్చిన డబ్బుని, నెలనెలా అది పనిచేసిన గంటలను బట్టి విడతలుగా ఇవ్వాలి. ముందే ఇచ్చేస్తే బ్యాటరీ ఎవరు చూస్తారు? కంపెనీ బాకీ తీరిందన్న నా మాటలో అంతవరకూ దిద్దుబాటు ఒప్పుకుంటున్నా. తీగ వేయడం ప్రభుత్వ ఖర్చే, కానీ పుచ్చుకున్నాక నడపడం మాత్రం కంపెనీ బాధ్యతే.

తాటితోపు:
మాస్టారు చెప్పినట్టు ఈరోజు పంచాయతీ ఆఫీసుకెళ్లి చూశాను. బీరువా వెనక భారత్‌నెట్ నల్ల పెట్టె ఉంది, ఫైబర్ కూడా ఉంది. పెట్టె మీద ఫైళ్లు పేర్చారు, ప్లగ్గు తీసి ఫ్యాను పెట్టుకున్నారు. సెక్రటరీ గారిని అడిగితే "నేనొచ్చినప్పటి నుంచి అంతే" అన్నారు.

అంటే రెండేళ్లు నేను మండలం వైపు చూస్తూ కూర్చున్నాను, తీగ మా ఊళ్లోనే ఉంది. బాబాయ్, అక్కణ్ణుంచి ఇళ్లకు లాగాలంటే?

కేబుల్ బాబాయ్:
ముందు ఫ్యాను ప్లగ్గు తీసి పెట్టె ప్లగ్గు పెట్టు. ఎర్ర లైటు వెలుగుతోందా, పచ్చ లైటా చూసి ఫొటో పెట్టు. ఎర్రదైతే దారిలో తెగినట్టు, అప్పుడు వేరే కథ. పచ్చదైతే ఎండాకాలంలో కూడా ఆపకుండా కట్టే ఇళ్లు ఎన్నో పేర్లు రాయించు. నలభై దాటితే మీ మండలం ఆపరేటర్‌తో నేను మాట్లాడతా.

తాటితోపు:
ఆఫీసు తాళం వేసేశారు. సోమవారం వెళ్తాను. పేర్లు మాత్రం ఇప్పటికి ఇరవై రెండు.