దేవరకొండ కోట గేమ్‌కు డబ్బు అడిగే పేజీలో ఏముంటే నమ్ముతారు?

పాలమూరు బాటసారి: మేమిద్దరం దేవరకొండ కోట మీద ఒక గేమ్ చేస్తున్నాం. రాత్రిపూట దీపం పట్టుకొని కోట ఎక్కాలి. గాలి వీచినప్పుడు చేయి అడ్డుపెడితే దీపం నిలుస్తుంది గాని, ఆ చేత్తో రాయిని పట్టుకోలేం. ఏడాదిన్నర గడువు పెట్టి 6 లక్షలు క్రౌడ్‌ఫండింగ్‌లో, అంటే గేమ్ పూర్తికాక ముందే నెట్‌లో జనం దగ్గర కొంచెం కొంచెంగా, అడగాలనుకుంటున్నాం. 3 నిమిషాల వీడియో, డెమో, ఖర్చుల పద్దు ఇక్కడ పెట్టాను. మీకు వీటిలో ఏది నమ్మకం కలిగిస్తుంది?

మూసీ గట్టు: డెమో ఒక్కటే. 2013లో అండర్‌టేల్ అనే గేమ్‌కు 5,000 డాలర్లు అడిగితే 51,000 దాకా వచ్చాయంటే, జనం ముందే ఆడి చూసి ఉండటమే కారణం. నేను ఒకసారి వీడియో చూసి 2,000 ఇచ్చాను. నాలుగేళ్లయినా ‘త్వరలో’ అన్న కబురే వస్తున్నది.

లెక్కల పద్దు: పుణె వారి ‘రాజీ’ అనే గేమ్ 2017లో డెమో చూపించి కూడా క్రౌడ్‌ఫండింగ్ సైటు కిక్‌స్టార్టర్‌లో లక్ష్యం చేరలేదు, చివరికి 2020లో వేరే దారిన విడుదలైంది. మీకు పని వచ్చని డెమో చెబుతుంది, పూర్తి చేస్తారని చెప్పదు. 2012లో డబుల్ ఫైన్ అనే గేమ్ కంపెనీ 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలు దాటాయి, అయినా చాలక గేమ్‌ను రెండు భాగాలు చేసి 2014లో ఒకటి, 2015లో ఒకటి ఇచ్చారు. నేనైతే ముందు పద్దు చూస్తాను.

చెరువు కట్ట: మన దేశపు చిరునామాతో కిక్‌స్టార్టర్‌లో పేజీ తెరవనివ్వరు, ముందు ఆ సంగతి చూసుకోండి.

మూసీ గట్టు: పద్దు నేనూ చూశాను. ఇద్దరికీ నెలకు పదేసి వేల చొప్పున 18 నెలలకు 3,60,000 ‘జీవన వ్యయం’ అట. అమ్మానాన్నల ఇంట్లో తింటున్నవారికి జీతం మేమెందుకు ఇవ్వాలి?

లెక్కల పద్దు: మీరు ఇల్లు కట్టించేటప్పుడు ఇసుకకు, సిమెంటుకు ఇచ్చి మేస్త్రీకి కూలి ఎగ్గొడతారా? మీలాంటివారికి భయపడే నా పేజీలో నేను జీతం రాయలేదు. డబ్బు వచ్చింది, ఆరో నెలలో ఇల్లు గడవక హైదరాబాదులో ఉద్యోగంలో చేరాను, గేమ్ అక్కడే ఆగింది.

మూసీ గట్టు: అయితే మీరూ ఆ ‘త్వరలో’ బాపతే! ఇంతసేపూ మాకు పాఠాలు చెప్పింది మీరా?

లెక్కల పద్దు: అవును, నేనే. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసు కాబట్టే చెబుతున్నాను. తమది దుకాణం కాదని 2012లో కిక్‌స్టార్టరే ప్రకటించింది, అంటే అక్కడ డబ్బు ఇవ్వడం వస్తువు కొన్నట్టు కాదు.

మూసీ గట్టు: ఆ మాట డబ్బు అడిగే రోజున మీరు చెప్పారా? వినాయకుడి చందా ఇస్తే లెక్క అడగను, దాన్ని తిరిగి రాని డబ్బనుకొనే ఇస్తాను. మీ పేజీలో మాత్రం ‘500 ఇవ్వండి, గేమ్ పొందండి’ అని ఉంటుంది. అది ధర. ధర తీసుకున్నాక, ఇల్లు గడవక చందా అనుకున్నామంటే ఎలా?

పాలమూరు బాటసారి: జీవన వ్యయం పద్దు తీసేయను. అయితే పని మధ్యలో ఆగితే అప్పటివరకు చేసిన గేమ్‌ను, మిగిలిన డబ్బును ఏం చేస్తామో పేజీలో పైనే రాస్తాను.

మూసీ గట్టు: రాయండి, చూస్తాను. డెమోలో దీపం ఆరినప్పుడల్లా మళ్లీ మొదటి మెట్టుకు పంపుతున్నారు. తొమ్మిది సార్లు ఎక్కాను, అది కూడా సరిచేయండి.