తిమ్మిర్లు అనగానే బి12 సూదేనా?

దేవరకొండ తమ్ముడు: మా నాయనకు షుగర్. ఏండ్ల నుంచి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాడు. అరికాళ్లు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలుస్తలేదు. ఊళ్లో ఆర్ఎంపీ నరాల బలహీనత అని బి12 సూదులు మొదలుపెడదామంటున్నాడు. ముందు రక్తపరీక్ష అన్నది నా మాట, దండగ ఖర్చన్నది ఇంట్లోవాళ్ల మాట. మీరేమంటారు?

మిర్యాలగూడ మెడికల్ షాప్: వేయించెయ్ తమ్మీ. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు బి12 సరిగా ఒంటబట్టదు. ఎక్కువైనా మూత్రంలో పోయే విటమినే. పరీక్ష డబ్బులతో ఎన్ని సూదులొస్తాయో లెక్కేసుకో.

నల్లగొండ నర్సక్క: అన్నా, అతను సూది వద్దనలేదు, ముందు రక్తం తీయమన్నాడు. సూది పడ్డాక తీస్తే బి12 ఎక్కువే చూపిస్తుంది, అసలు లోటు ఉండెనో లేదో ఇక తేలదు. మీ షాపుల్లో ఇచ్చే నరాల గోళీల్లో చాలావాటిలో బి6 ఉంటుంది. మూత్రంలో పోయేదే కదా అని పెద్ద మోతాదులో నెలల తరబడి మింగితే, తిమ్మిర్లు అదే తెస్తుంది!

బి12 తగ్గితే నరం మీది మైలిన్ పొర దెబ్బతింటుంది. వెన్నుపాము వెనక భాగం పాడైతే, చూస్తే తప్ప కాలు ఎక్కడ పడుతుందో తెలియదు. డాక్టరు 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ కొట్టి కాలి బొటనవేలి ఎముక మీద ఆనించి, జుమ్ముమంటోందా అని అడుగుతారు. పాదాలు దగ్గర పెట్టించి కళ్లు మూయిస్తారు, తూలుతాడేమోనని. వీటికి ల్యాబు ఖర్చేముంది?

పాలమూరు పంతులు: మా అత్తమ్మకు ఫోలిక్ యాసిడ్‌తో రక్తం పెరిగింది, తిమ్మిర్లు మాత్రం ముదిరినయ్. ఎందుకట్ల?

నల్లగొండ నర్సక్క: బి12 లోటుంటే అట్లనే అవుతుంది సార్. ఫోలిక్ రక్తాన్ని సరిచేసి నరాల జబ్బును కప్పేస్తుంది. ఆమెకూ బి12 చూపించండి.

మెడికల్ షాప్: మరి రిపోర్టు వచ్చేదాకా కూర్చోవాలా?

నల్లగొండ నర్సక్క: అక్కర్లేదు. రక్తం ఇచ్చాక డాక్టరు వేయమంటే అదే రోజు వేయించొచ్చు. ఆలస్యమైతే పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

మర్రిగూడ వాసి: బోరునీళ్ల ముచ్చట ఎవరూ ఎత్తరేంది? ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వెన్నెముక మందమై వెన్నుపామును నొక్కినా కాళ్లు మొద్దుబారతాయి, బిగుసుకుంటాయి. మిషన్ భగీరథ నల్లా నీళ్లొచ్చినా పాత ఎముక మారదు. తమ్మీ, మీ నాయన మెడ తిరుగుతుందా?

దేవరకొండ తమ్ముడు: పక్కకు చూడాలంటే మనిషే మొత్తం తిరుగుతాడన్నా. షుగర్ నొప్పులనుకున్నం.

మర్రిగూడ వాసి: అయితే మెడకు, నడుముకు ఎక్స్‌రే అడుగు. ముంజేతికి కూడా. అక్కడ రెండు ఎముకల నడుమ పొర గట్టిపడి తెల్లగా కనబడితే ఫ్లోరైడ్ అని అనుమానిస్తారు. వెన్నుపాము నలిగిందా అన్నది ఎంఆర్ఐలో తెలుస్తుంది.