సలా కెరీర్‌ని మలుపు తిప్పిన క్లబ్బు ఏది? (చెల్సీ అభిమానులు కోప్పడకండి)

ఎడంకాలి నాన్న
అందరికీ నమస్కారం. మావాడికి పదమూడేళ్ళు, ఎడంకాలి ఆటగాడు. గది గోడ నిండా ఈజిప్టు ఫుట్‌బాల్ ఆటగాడు మొహమ్మద్ సలా బొమ్మలే. నేను క్రికెట్ తప్ప ఎరగని ఇంట్లో పుట్టినవాణ్ణి. వాడితో అన్నం దగ్గర మాట్లాడాలంటే నాలుగు ముక్కలు తెలియాలి కదా, అందుకే అడుగుతున్నా. 1) ఇన్ని క్లబ్బులు మారాడు, అసలు నిలబెట్టింది ఏది? 2) రంజాన్ నెలలో ఉపవాసం ఉండి మ్యాచ్‌లు ఎలా ఆడతారు? 3) ఎడంకాలివాడైన సలా కుడివైపు ఆడతాడట, మా అకాడమీ కోచ్ మాత్రం మావాణ్ణి ఎడమ పక్కకే పంపిస్తున్నాడు. ఏది కరెక్టు?

అర్ధరాత్రి మ్యాచ్
ఇందులో అడగడానికి ఏముంది సార్, ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్. 2017లో వచ్చాడు, వచ్చిన మొదటి సీజన్‌లోనే ప్రీమియర్ లీగ్‌లో 32 గోల్స్. 38 మ్యాచ్‌ల సీజన్‌లో అంతకుముందు ఎవరూ అన్ని కొట్టలేదు, తర్వాత మాంచెస్టర్ సిటీ ఆటగాడు హాలండ్ వచ్చి 36 చేశాడు, అది వేరే సంగతి. 2024-25 సీజన్‌లో 29 గోల్స్, 18 అసిస్టులు (పక్కవాడి చేత కొట్టించిన గోల్స్), లీగ్ టైటిల్. 32 ఏళ్ళ వయసులో! కీవ్‌లో 2018 చాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు) ఫైనల్‌కి అర్ధరాత్రి పన్నెండుంపావుకి అలారం పెట్టుకుని లేస్తే, అరగంటకే రియల్ మాడ్రిడ్ డిఫెండర్ రామోస్ చెయ్యి పట్టి లాగి పడేశాడు. సలా ఏడుస్తూ బయటికి వెళ్ళాడు. నేను టీవీ కట్టేసి పడుకున్నా. నిద్ర పట్టలేదనుకోండి. రోజూ ఐదు బస్సులు మారి తొమ్మిది గంటలు ప్రయాణం చేసి పైకొచ్చిన కుర్రాడికి అలా జరగడం...

లెక్కల మాస్టారు
మళ్ళీ బస్సులు! ఒకచోట మూడంటారు, ఇంకోచోట ఐదంటారు, నిన్న ఒక వీడియోలో పది అన్నారు. రోజుకి తొమ్మిది గంటలు బస్సులోనే ఉంటే ప్రాక్టీసు ఎప్పుడు చేశాడు, నిద్ర ఎప్పుడు పోయాడు? పేదరికం కథ కాస్త పెంచి చెబితేనే లైకులు వస్తాయని అందరూ ఒక బస్సు కలుపుకుంటూ పోతున్నారు.

సాల్మియా శీను
మాస్టారూ, లెక్క మీది, రోడ్డు మాది. నేను కువైట్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నా, మా రూమ్‌లో ఇద్దరు మసరీలు, అంటే ఈజిప్టు వాళ్ళు. ఒకతను సలా వాళ్ళ గర్బియా జిల్లా వాడే. వాళ్ళ ఊరు నగ్రీగ్, నైలు డెల్టాలో పల్లెటూరు. అక్కడినుంచి బస్యూన్, బస్యూన్ నుంచి తాంతా, తాంతా నుంచి కైరో రామ్సెస్, అక్కడ దిగి సలా మొదటి క్లబ్బు మొకావ్‌లూన్ ఉండే నస్ర్ సిటీకి ఇంకో బండి. ఇక్కడికే నాలుగు. ఒక్కోరోజు దారిలో ఇంకోటి ఎక్కాల్సి వస్తే ఐదు, నేరుగా బండి దొరికితే మూడు. సలా కూడా ఇంటర్వ్యూల్లో మూడు, నాలుగు, ఐదు అని కలిపే చెప్పాడు. ఆ పది తప్ప అందరూ చెప్పింది నిజమే.

బస్సంటే మన ఆర్టీసీ బస్సు అనుకోకండి. తెల్ల వ్యాను, నిండితే గానీ కదలదు, మన ఊళ్ళ సెవెన్ సీటర్ ఆటోలాగే. వెనక కూర్చున్నవాడు డబ్బులు ముందువాడి భుజం తట్టి ఇస్తాడు, అవి చేతులు మారుతూ డ్రైవర్ దగ్గరికి పోతాయి, చిల్లర అదే దారిలో వెనక్కి వస్తుంది. పోవడానికే నాలుగు గంటల పైన. పద్నాలుగేళ్ళ పిల్లాడు. పొద్దున రెండు గంటలు బడిలో కూర్చుని, క్లబ్బు ఇచ్చిన కాగితం చూపించి బయటపడేవాడట.

లెక్కల మాస్టారు
అంటే "రోజూ ఐదు" అన్నది తప్పే కదా. నేనన్నదీ అదే.

అర్ధరాత్రి మ్యాచ్
మాస్టారూ, మూడైతే మీకు హాయిగా ఉంటుందా? మూడు బస్సులు మారి వారానికి ఐదు రోజులు మీరు వెళ్ళి చూడండి.

లెక్కల మాస్టారు
వెళ్ళాను బాబూ. ఊరి నుంచి సైకిలు, తర్వాత పాసింజరు, తర్వాత సిటీ బస్సు, డిగ్రీ మూడేళ్ళూ. నా మీద ఎవరూ వీడియో చెయ్యలేదు.

చెల్సీ సూరి
టైటిల్‌లోనే మమ్మల్ని గిల్లారు కాబట్టి వచ్చాను. మా లండన్ క్లబ్బు చెల్సీ సలాని పాడుచేసింది అనే పాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. అసలు కొన్నదెవరు? స్విట్జర్లాండ్ క్లబ్బు బాసెల్ తరఫున మా మీదే గోల్స్ కొడుతుంటే, 2013లో మా మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జికి వచ్చి మమ్మల్ని ఓడించి పోతే, 2014 జనవరిలో కొన్నాం. అప్పుడు కుడి పక్కన విలియన్, ఎడమ పక్కన హజార్డ్. ఎవర్ని తీసి ఆడించాలి? మొత్తం 19 మ్యాచ్‌లు, 2 గోల్స్. బాసెల్‌లో ఉన్నప్పుడే ఒంటరిగా గోల్‌కీపర్ ముందుకెళ్ళి బయటికి కొట్టేవాడు. అప్పటికి తయారు కాలేదు, అంతే.

అర్ధరాత్రి మ్యాచ్
అదే నెలలో డిబ్రయినాని (తర్వాత మాంచెస్టర్ సిటీలో స్టార్ అయినవాణ్ణి) జర్మనీ క్లబ్బు ఊల్ఫ్స్‌బర్గ్‌కి అమ్మేశారు. ఆయన కూడా తయారు కాలేదా? 😀

చెల్సీ సూరి
డిబ్రయినా సంగతి ఇక్కడ అనవసరం.

అర్ధరాత్రి మ్యాచ్
అవసరమే. ఒకరైతే పొరపాటు, ఇద్దరైతే అలవాటు.

చెల్సీ సూరి
బ్రో, నువ్వు ఫుట్‌బాల్ చూడటం ఎప్పుడు మొదలుపెట్టావు? 2019లో లివర్‌పూల్ చాంపియన్స్ లీగ్ గెలిచాకా? 2014 మార్చిలో ఆర్సెనల్‌ని 6-0 కొట్టినప్పుడు ఆరో గోల్ ఎవరిది? సలాది. మావాళ్ళ తరఫున మొదటి గోల్. ఆ రోజు ఆర్సెనల్ కోచ్ వెంగర్‌కి వెయ్యో మ్యాచ్. అది చూసినవాణ్ణి నేను.

అర్ధరాత్రి మ్యాచ్
నేను లివర్‌పూల్ గెలిచిన 2005 ఇస్తాంబుల్ ఫైనల్ నుంచీ చూస్తున్నా. నోరు జారకు.

రోమా రాజు
మీ ఇద్దరి గొడవలో ఇటలీ అనే దేశం ఉందని మర్చిపోయారు. చెల్సీకి, లివర్‌పూల్‌కి మధ్య రెండున్నరేళ్ళు వాడు ఏం చేశాడనుకున్నారు, టూరిస్టుగా తిరిగాడా? 2015 ఫిబ్రవరిలో ఫియోరెంటీనాకి అప్పు మీద వెళ్ళాడు. నెల తిరిగేసరికి యువెంటస్ సొంత మైదానంలో ఇటలీ కప్పు సెమీస్‌లో రెండు గోల్స్. ఒకటైతే సగం మైదానం ఒక్కడే పరుగెత్తి కొట్టాడు. తర్వాత మా రోమా. 2016-17లో లీగ్‌లో 15 గోల్స్, మేము రెండో స్థానం. పరుగెత్తడం ఒక్కటే తెలిసినవాడికి ఎప్పుడు ఆగాలో నేర్పింది అక్కడే. ఖర్చుల నిబంధనల లెక్క సరిచెయ్యడానికి జూన్ నెలాఖరు లోపు అమ్ముకోవాల్సి వచ్చింది మావాళ్ళకి.

పది నెలల తర్వాత అదే సలా లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో మా మీద రెండు గోల్స్ కొట్టి, రెండు కొట్టించాడు. 5-2. గోల్ కొట్టి పండగ చేసుకోలేదు, రెండు చేతులూ ఎత్తి క్షమించమన్నట్టు నిలబడ్డాడు. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆ తర్వాత ఏ రోమా ఆటగాడి పేరుతోనూ జెర్సీ కొనలేదు నేను.

సాల్మియా శీను
రాజన్నా, ఫియోరెంటీనాలో సలా జెర్సీ నంబరు ఎంతో చెప్పలేదు. 74. ఎందుకో తెలుసా? 2012 ఫిబ్రవరి 1న పోర్ట్ సయీద్ స్టేడియంలో గొడవ జరిగి కైరో క్లబ్బు అల్ అహ్లీ అభిమానులు చచ్చిపోయారు, వాళ్ళ లెక్క 74 అంటారు. ఆ దెబ్బకి ఈజిప్టు లీగే ఆగిపోయింది. మొకావ్‌లూన్‌కి ఆడటానికి మ్యాచ్‌లు లేవు. అప్పుడు బాసెల్ వాళ్ళు ఈజిప్టు అండర్-23 జట్టుని స్నేహపూర్వక మ్యాచ్‌కి పిలిచారు. సలా రెండో సగంలో దిగి రెండు గోల్స్ కొట్టాడు, వాళ్ళు వెంటనే పట్టుకున్నారు. అంతకుముందు కైరోలోని ఇంకో పెద్ద క్లబ్బు జమాలెక్ ఈ కుర్రాడు ఇంకా చాలా నేర్చుకోవాలని కొనకుండా వదిలేసింది. మా మసరీ రూమ్మేట్ జమాలెక్ అభిమాని. ఆ మాటెత్తితే టీ గ్లాసు పట్టుకుని బయటికి వెళ్ళిపోతాడు.

ఎడంకాలి నాన్నగారూ, నన్నడిగితే బాసెల్. తలుపు తీసింది వాళ్ళు. అదే మొకావ్‌లూన్ నుంచి తర్వాత ఎల్‌నేనీని కూడా తీసుకున్నారు, అతను ఆర్సెనల్ దాకా వెళ్ళాడు.

పాత కోచ్
నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకి ఆట నేర్పినవాణ్ణి. ఇక్కడ అందరూ గోల్స్ లెక్క పెడుతున్నారు తప్ప ఆట గురించి ఒక్కరూ మాట్లాడటం లేదు. ఎడంకాలివాడు కుడివైపు ఉంటే బంతి లోపలికి తీసుకొస్తాడు, గోల్ ఎదురుగా కనిపిస్తుంది, అవతలి స్తంభం వైపు తిప్పి కొడతాడు. ఎడమవైపు ఉంటే గీత వెంట పరుగెత్తి క్రాస్ వేస్తాడు. మీవాడు పదమూడేళ్ళ వాడు కాబట్టి రెండు వైపులా ఆడనివ్వాలి, రెండో కాలు చచ్చుపడకుండా. ఇవన్నీ భారత జట్టు కోచ్ రహీం సాబ్ హైదరాబాద్‌లో ఎప్పుడో చెప్పినవే. ఆయన జట్టుకి 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో ఏషియాడ్ బంగారం. ఆ జట్లలో మన సిటీ కుర్రాళ్ళు ఎంతమంది ఉన్నారో...

లెక్కల మాస్టారు
సార్, రహీం సాబ్ ఏ సంవత్సరంలో, ఎక్కడ చెప్పారో కాస్త చూపిస్తారా?

పాత కోచ్
చూపించడానికి ఇది కోర్టు కాదు.

గుంటూరు గోలీ
నాదో సందేహం. క్లబ్బుకి సరే, దేశానికి ఏం గెలిచాడు? ఈజిప్టు ఏడుసార్లు ఆఫ్రికా కప్పు గెలిచింది, 2006, 2008, 2010 వరసగా. అప్పుడు సలా లేడు, మొదటి రెండిట్లో అబూత్రికా ఉన్నాడు. దాదాపు కెరీరంతా ఈజిప్టులోనే, ఎక్కువగా అహ్లీలో ఆడాడు. సలా వచ్చాక 2017, 2021 రెండు టోర్నీల ఫైనల్సూ పోయాయి. 2021 ఫైనల్లో సెనెగల్‌తో పెనాల్టీల్లో ఐదో కిక్కు తనకి అట్టిపెట్టుకున్నాడు, వంతు రాకుండానే వాళ్ళ ఆటగాడు మానే ముగించేశాడు. రెండు నెలలు తిరక్కుండా సెనెగల్ రాజధాని డకార్‌లో, ప్రపంచ కప్పు అర్హత పెనాల్టీల్లో మొదటి కిక్కు కొట్టమంటే గాల్లోకి కొట్టాడు.

సాల్మియా శీను
గాల్లోకి కొట్టినప్పుడు మొహం మీద ఆకుపచ్చ లేజర్లు ఎన్ని ఉన్నాయో చూశారా? మొహమే కనపడలేదు.

2017 అక్టోబరు 8 గురించి మాట్లాడండి. కాంగోతో మ్యాచ్, గెలిస్తే ప్రపంచ కప్పుకి అర్హత, 1990 తర్వాత మొదటిసారి. సాల్మియాలో హోటల్ నిండా మసరీలు, నేనొక్కణ్ణే తెలుగోణ్ణి. సలా గోల్ కొట్టాడు, 1-0. 87వ నిమిషంలో కాంగో సమం చేసింది. సలా మైదానంలో పడిపోయి, మళ్ళీ లేచి జనాన్ని అరవమని చేతులూపాడు. 95వ నిమిషంలో పెనాల్టీ. నా పక్కనున్న పెద్దాయన, మా సైట్ ఫోర్‌మన్, రోజూ నా మీద అరిచేవాడు, టీవీకి వీపు పెట్టి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అరుపులు వినిపించాక కూడా తిరగలేదు. "పడిందా?" అని నన్నడిగాడు. నా చేత మూడుసార్లు చెప్పించుకున్నాడు. మర్నాడు పన్నెండు గంటల వరకు సైట్‌లో ఎవరూ పని చెయ్యలేదు, ఆయనా అడగలేదు. ఇంకేం గెలవాలి గోలీ గారూ?

గుంటూరు గోలీ
కథ బాగుంది. రష్యాలో జరిగిన ఆ ప్రపంచ కప్పులో మూడుకి మూడూ ఓడిపోయారు కదా.

సాల్మియా శీను
భుజం దెబ్బతో ఉరుగ్వే మ్యాచ్ ఆడలేదు. తర్వాతి రెండు మ్యాచ్‌ల్లో రెండు గోల్స్. జట్టంటే పదకొండు మంది.

చెల్సీ సూరి
భుజం సంగతి వచ్చింది కాబట్టి, రామోస్ కావాలని చేశాడని నేను అనుకోను.

అర్ధరాత్రి మ్యాచ్
అడ్మిన్ గారూ, ఇతన్ని తీసెయ్యండి.

అడ్మిన్
ఎవర్నీ తియ్యను. "నోరు జారకు" అన్న మాటకి ఒక హెచ్చరిక, రామోస్ మాటకి ఒక హెచ్చరిక. ఇద్దరూ చల్లబడండి. రామోస్‌కి పాత త్రెడ్ ఉంది, 412 కామెంట్లు, దాన్ని ఎందుకు మూసేశానో మీ ఇద్దరికీ తెలుసు.

రోమా రాజు
అందరూ సలానే పట్టుకున్నారు గానీ, ఈజిప్టు పాత ఆటగాడు మిదో మీకు గుర్తున్నాడా? అయాక్స్, మార్సెయ్, రోమా, టోటెన్‌హామ్. 2006 ఆఫ్రికా కప్పు సెమీస్‌లో తనని బయటికి పిలిచాడని కోచ్ షెహాతాతో గీత దగ్గరే గొడవ పెట్టుకున్నాడు. అతని బదులు దిగిన అమ్ర్ జకీ దిగీదిగగానే తలతో గోల్ కొట్టాడు. కాళ్ళలో సలాకి తీసిపోయేవాడు కాదు మిదో. తేడా ఎక్కడుందో ఆ ఒక్క నిమిషంలోనే చూశాను.

గుంటూరు గోలీ
ఆ జకీ కూడా ఇంగ్లండ్ క్లబ్బు విగన్‌లో ఒక సగం సీజన్ దుమ్ము లేపి, ఇంటికెళ్తే టైముకి తిరిగొచ్చేవాడు కాదు. ఇంకో ఈజిప్టు ఆటగాడు మర్మూష్ ఏమవుతాడో చూడాలి. 2025లో మాంచెస్టర్ సిటీకి వచ్చిన నెలలోపే న్యూకాజిల్ మీద హ్యాట్రిక్.

ఎడంకాలి నాన్న
అందరికీ థాంక్స్. మావాడు మొత్తం చదివాడు. కోచ్ గారి మాట పట్టుకుని ఇప్పుడు హాల్లో కుడికాలితో సోఫాని తంతున్నాడు. ఇంకో సంగతి, రేపట్నుంచి కారు వద్దట, గ్రౌండ్‌కి రెండు బస్సులు మారి ఒక్కడే వెళ్తాడట. వాళ్ళమ్మకి టెన్షన్. ఇంతకీ నా రెండో ప్రశ్న, ఉపవాసం గురించి...

లెక్కల మాస్టారు
రెండు బస్సులే కదా, పంపండి సార్. ఎవరైనా అడిగితే మాత్రం రెండే అని చెప్పమనండి.