రెండు సెకన్ల పిల్లికి ఒక్క మాట: కంగారా, గాబరానా, ఆగమాగమా?

హన్మకొండ నుంచి రాస్తున్నాను. విషయం చిన్నదే, కానీ మూడు రోజులుగా ఇంట్లో తెమలడం లేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను.

పోయిన వారం మా అక్క కాజీపేటలో హైదరాబాదు రైలెక్కింది. బండి ఘన్‌పూర్ దాటిందో లేదో, గ్యాస్ పొయ్యి కట్టేశానా లేదా అన్న అనుమానం పట్టుకుంది. ఇంటివాళ్ల వాట్సాప్‌లో వరసగా పదకొండు సందేశాలు. మా మేనకోడలికి కంప్యూటర్ మీద బొమ్మలు కదిలించడం వచ్చు. తల్లికి ధైర్యం చెప్పడం మాని పిల్లి బొమ్మ గీసింది. పిల్లి కూర్చుంటుంది, లేస్తుంది, రెండడుగులు ఇటు, రెండడుగులు అటు, తల పట్టుకుని మళ్లీ కూలబడుతుంది. రెండు సెకన్లలో అంతా అయిపోయి మళ్లీ మొదలవుతుంది. కింద ఒక్క మాటకు చోటుంది. ఆ మాట నన్ను అడిగింది.

మొదట ఆందోళన అన్నాను. ‘మామా, అమ్మ ధర్నాలో కూర్చున్నట్టుంది’ అంది. నిజమే. సంస్కృతంలో ఆందోళన అంటే ఊగడం. పల్లకికి ఆందోళిక అన్న పేరు అక్కడిదే. అటూ ఇటూ ఊగే పిల్లికి ఇంతకన్నా సరిపోయే మాట లేదు. కానీ పత్రికలు ఆ మాటను ఎన్నడో రోడ్డెక్కించాయి. ఇప్పుడది టెంటూ జెండా లేకుండా ఇంట్లోకి రాదు.

బెంగ, దిగులు, గుబులు కూడా వేసి చూశాం. ఇవి మనిషిని కూర్చున్నచోటే కూర్చోబెట్టే మాటలు. బెంగపెట్టుకున్నవాడు అన్నం మానేస్తాడు గానీ గదిలో పచార్లు చేయడు. తత్తరపాటు అర్థానికి బాగా దగ్గర, అయితే దాన్ని ఒత్తు ముంచింది. ఇలా కదిలే బొమ్మలను దాచే జిఫ్ (GIF) అనే ఈ పద్ధతి 1987 నాటిది. ఒక్కో చట్రంలో 256 రంగులకు మించి పట్టవు. పారదర్శకత కూడా ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే అసలు ఉండదు, సగం సగం కుదరదు. అందుకని అక్షరాల అంచులు రంపపు పళ్లలా వస్తాయి. ఫోనులో బొటనవేలంత బొమ్మ మీద తకారం కింది ఒత్తు సిరా మచ్చలా మిగిలింది. తొట్రుపాటుకూ అదే గతి. కంగారు, గాబరా ఒత్తులు లేనివి కాబట్టి శుభ్రంగా కనిపించాయి. భాష మాట్లాడుతూ ఈ ఒత్తుల లెక్క ఏమిటని నవ్వకండి, ఒకసారి వేసి చూడండి.

మీరైతే ఏ మాట వేస్తారు? (కంగారు అన్నానని కంగారూ జంతువును గీయమనకండి. ఆ పేరు ఆస్ట్రేలియాలోని గూగు యిమిథిర్ భాష నుంచి 1770లో ఇంగ్లీషువాళ్ల చెవిన పడింది, మన కంగారుకు దానితో చుట్టరికం లేదు. ఈ హాస్యం మా ఇంట్లో ఇప్పటికే రెండుసార్లు అయింది.)

నర్సంపేట నుంచి ఒక తెలుగు టీచరు: ‘కాలుకాలిన పిల్లి’ ఉండగా ఇంత వెతుకులాట ఎందుకు సార్?

నా జవాబు: నాకూ అదే తోచిందమ్మా. మేనకోడలు ఒప్పుకోలేదు. మనిషిని పట్టుకుని పిల్లి అంటే నవ్వొస్తుంది, పిల్లిని పట్టుకుని పిల్లి అంటే ఏముంది?

గుంటూరు నుంచి: గాబరా వేయండి. హిందీ ఘబరానాకు చుట్టమే అయినా మా అమ్మమ్మ నోట కూడా విన్నాను. అందరికీ తెలుస్తుంది.

కరీంనగర్ నుంచి: పరేషాన్ ఎందుకు మరిచారు? పారసీకంలో చెదిరిపోయిన అని అర్థం. జుట్టు చెదిరినా మనసు చెదిరినా అదే మాట.

నా జవాబు: అర్థం అందంగా ఉంది. కానీ మన వాడుకలో పరేషాన్‌కు అలసట అంటుకుంది. ఒక కాగితం కోసం నెల రోజులు తిరిగినవాడు పరేషాన్ అవుతాడు. పొయ్యి గుర్తొచ్చిన అరక్షణానికి అది పెద్ద అంగీ.

పరకాల నుంచి: ఓరుగల్లు వాళ్లకు ఆగమాగం గుర్తు రాకపోవడం విడ్డూరం! పైగా ఇందులో వ్యాకరణం కూడా ఉంది. ఒక పదం రెండుసార్లు వస్తే రెండోదాన్ని ఆమ్రేడితం అంటారని బడిలో చదివాం. ఔర, ఔర కలిసి ఔరౌర అయినట్టే ఆగము, ఆగము కలిసి ఆగమాగము అయింది. మీ పిల్లి ఆడే ఆట కూడా అదే కదా, చేసిందే మళ్లీ చేస్తోంది. దడదడ, గజగజ, గిలగిల చూడండి, వణుకు మాటలన్నీ జంటలే. తిరిగి తిరిగి వచ్చే బొమ్మకు తిరిగి వచ్చే మాటే వేయాలి. ఒత్తు కూడా లేదు, మీ బాధ తీరుతుంది.

జనగామ నుంచి: ఒక్క అభ్యంతరం. ఆగం బరువైన మాట. ‘కరువుకు ఊరు ఆగమైంది’ అంటే నవ్వే సంగతి కాదు. పొయ్యి అనుమానానికి అంత మాట వాడతామా?

నా జవాబు: మీ అభ్యంతరం చదివాకే నాకు అసలు సంగతి తట్టింది. ఆగం అంటే పాడైపోవడం, దిక్కు లేకుండా పోవడం. ఆగమాగం అంటే అంత లేదు. ‘ఆగమాగం చేయకు, బస్సుకు ఇంకా టైముంది’ అంటాం. చాలాచోట్ల మాటను రెండుసార్లు అంటే బరువు పెరుగుతుంది, పెద్దపెద్ద, గట్టిగట్టిగా అన్నట్టు. ఇక్కడ తిరగబడింది. ఒకసారి అంటే బతుకు పోయినట్టు, రెండుసార్లు అంటే చెప్పులు కనబడక వెతుక్కుంటున్నట్టు. మా అక్కకు రైల్లో జరిగింది కూడా ఇదే కదా! మొదటి క్షణంలో ఇల్లు కాలిపోయింది, రెండో క్షణంలో పక్కింటి వాళ్ల నంబరు వెతుకుతోంది.

మేనకోడలికి ఇది చదివి వినిపించాను. బొమ్మను రెండు ముక్కలు చేసింది. పిల్లి లేచి కళ్లు పెద్దవి చేసినప్పుడు ‘ఆగం’ అని మాత్రమే కనిపిస్తుంది. నడక మొదలయ్యాక పక్కన మిగతా సగం చేరి ‘ఆగమాగం’ అవుతుంది. కూలబడగానే చెరిగిపోయి మళ్లీ ‘ఆగం’.

గుంటూరు నుంచి: బాగుంది, కానీ మా వైపు అందరికీ తెలియదు. మాకు గాబరా ఇప్పించండి.

నా జవాబు: మీకు వేరే ప్రతి చేస్తోంది. కాకపోతే గాబరాను రెండు ముక్కలుగా విరిస్తే మొదట ‘గాబ’ అని వస్తోంది, అదేమిటో పిల్లికి కూడా తెలియడం లేదు.