సమస్య: ‘మందు లేని యింట మరణ మేది’

ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగో పాదం ఇది; అర్థం కుదిరేలా ముందు మూడూ రాసి పూరించండి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరే అక్షరం) మం–మ.

‘మందు’కు అర్థం చెప్పేది దాని పక్కనున్న క్రియ. మందు వేసుకున్నాడంటే జ్వరమో సరదానో, కొట్టాడంటే పొలమో సీసానో, కూరాడంటే తుపాకీ. ‘మందు పెట్టింది’ అంటే మాత్రం వశీకరణ మందే: ‘వాడికేం మందు పెట్టిందో, ఆమె గీసిన గీత దాటడు!’ సమస్యలో ‘లేని’ తప్ప వేరే క్రియ లేదు. మీ ఇష్టం.

గోరువంక:
గొంతు దిగిన చుక్క కొంపను ముంచును
సీస తెరవగానె సిరులు పోవు
తాళి తెగును, చిన్న తనయుల కాకలి
మందు లేని యింట మరణ మేది

నిర్వాహకుడు: ధార బాగుంది. కానీ మందు మానేస్తే ముసలితనంలోనూ చావు రాదా? ‘చిన్న’ తీసి ‘తాళి తెగును ముందె’ అనండి. అకాలమరణమని తేలుతుంది, గణం (పాదంలోని అక్షరాల కొలత) చెడదు.

కొత్తకలం (తొలి ప్రయత్నం, టెన్షన్‌గా ఉంది):
చీడ పట్టె చేను రైతు చింతించెను
కొట్టుదమన కాసు గూడ లేదు
పురుగు నవ్వె, ‘నాకు పుడమిలో భయమేల,
మందు లేని యింట మరణ మేది!’

నిర్వాహకుడు: పురుగు నోట సమస్య పలికించారు, భలే! మొదటి పాదంలో చీ–రై యతి కుదరలేదు. ‘చీడ పట్టె చేను చింతించె నా రైతు’ అంటే సరి.

పెరటిమల్లె:
సత్య! మగని వలపు సాధింప బోసిన
పసరు విషము గాదె పడకటింట
పాము వంటి జంకు భర్తకు గలిగించు
మందు లేని యింట మరణ మేది

గోరువంక: మందు పెడతారు గానీ పోస్తారా అండీ?

పెరటిమల్లె: పసరు కదా, పోయాల్సిందే! భర్తలను లోబరచుకున్నది మంత్రాలతోనా, మందులతోనా అని భారతం అరణ్యపర్వంలో ద్రౌపదిని సత్యభామ అడుగుతుంది. అలాంటి భార్య ఉందని తెలిస్తే ఇంట్లో పామున్నట్టు మగడు బెదిరిపోతాడని ద్రౌపది జవాబు. ఆ మందులు తాగి జలోదరం, గుడ్డితనం, చెవుడు తెచ్చుకున్నవాళ్లున్నారనీ చెబుతుంది. అందుకే ‘విషము’.

నిర్వాహకుడు: ‘కలిగించు’ నుంచి ‘మందు’లోకి జారిన తీరు నాకు నచ్చింది. ‘మరణ’మంటే ఇక్కడ నమ్మకం చావడం అనుకుంటే ఇంకా రుచి.

పిచ్చుక:
అమృత మేది యన్న నత్తయు కోడలు
చెప్పుకొనెడు తీపి చిన్న మాట
కాస్తపాటి పగయు, కక్ష కూడ హృదయ
మందు లేని యింట మరణ మేది

కొత్తకలం: అయ్యో! ‘హృదయమందు’ అని విరిచి అసలు మందునే మాయం చేశారు!

నిర్వాహకుడు: పాత ఎత్తే, చక్కగా కుదిరింది. ‘కాస్తపాటి’ పద్యానికి వాడుకగా ఉందని ఎవరైనా అనొచ్చు. అత్తాకోడళ్ల మాటల్లో గ్రాంథికమెందుకు? ఉండనీయండి.

గోరువంక: తుపాకీ మందు ఇంకా ఎవరూ ముట్టలేదు. రాత్రికి ప్రయత్నిస్తా.