అరకు పీబెర్రీ డికాక్షన్‌లో పులుపు పోవడం లేదు

మామూలు కాఫీ పండులో రెండు గింజలుంటాయి; పీబెర్రీలో ఒక్కటే పెరిగి బఠాణీలా గుండ్రంగా ఉంటుంది. విజయవాడలో మా ఇంటి ఇత్తడి ఫిల్టర్‌లో అరకు పీబెర్రీ వాడుతున్నాను. మధ్యస్థంగా వేయించినవి, చికోరీ లేదు. పొడి 20 గ్రాములు, నీళ్లు 120 మిల్లీలీటర్లు, 92 డిగ్రీలు. పది నిమిషాల్లోనే డికాక్షన్ పలుచగా దిగిపోతోంది. పాలు కలిపినా పులుపు నాలుక అంచుల్లో నిలుస్తోంది. పరిమళం మాత్రం అద్భుతం, అందుకే వదులుకోలేకపోతున్నాను.

మరిగే నీళ్లు పోశాను, పొడి 25 గ్రాములు చేశాను, కుళాయి నీళ్లకు బదులు క్యాన్ నీళ్లూ వాడాను. ఫలితం లేదు. అదే మరలో, అదే అమరికలో పట్టిన మామూలు అరకు అరబికా చిక్కగా, కమ్మగా వస్తోంది.

పీబెర్రీకి పొడి ఇంకా మెత్తగా పట్టాలా, లేక గింజలే మరింత ముదురుగా వేయించినవి కొనాలా?